స్టూడియో చూడడానికి వెళ్తున్నారా? గోడ వెనక్కి కూడా వెళ్లండి

స్టూడియోల సందర్శన మీద ప్రశ్నలు పంపమని కిందటి సంచికలో అడిగాం. ఉత్తరాలు బాగానే వచ్చాయి, జవాబులు చెప్పే పని నాకు అప్పగించారు. నేను సినిమాల ఆర్ట్ విభాగంలో పనిచేసినవాణ్ణి. ప్లైవుడ్‌కు పాలరాతి రంగు వేసి, నిన్న లేపిన గోడకు వందేళ్ల నాచు పట్టించి బతికినవాణ్ణి. కాబట్టి నా జవాబులన్నీ గోడల పక్షాన ఉంటాయి, నటీనటుల అభిమానులు క్షమించాలి. కొన్ని ఉత్తరాలకు పొడుగ్గా, కొన్నింటికి రెండు ముక్కల్లో చెప్పాను. రెండు ముక్కలు దక్కినవారు చిన్నబుచ్చుకోవద్దు. తేలిక ప్రశ్న అడిగారని అర్థం.

ప్రశ్న: స్టూడియో టూర్‌కు వెళ్తే షూటింగ్ చూపిస్తారా? నటీనటులు కనిపిస్తారా? అంత డబ్బు పెట్టి వెళ్లాక ఎవరూ కనిపించకపోతే ఎలా? — ఒక అభిమాని

జవాబు: ఎవరూ కనిపించరని అనుకునే టికెట్ కొనండి. కనిపిస్తే మీ అదృష్టం.

స్టూడియో అన్న బోర్డు కింద ప్రపంచంలో మూడు రకాల వ్యాపారాలు నడుస్తున్నాయి. మీరు డబ్బు కడుతున్నది వాటిలో దేనికో ముందు తెలుసుకోవాలి. మొదటిది, నిజంగా పని జరిగే స్టూడియో. లాస్ ఏంజెలెస్‌లో మెల్రోజ్ అవెన్యూ మీద ఉన్న పారామౌంట్, బర్బాంక్‌లోని వార్నర్ బ్రదర్స్ ఈ కోవలోవి. చిన్న చిన్న బృందాలుగా, గైడు వెంట, చిన్న బండిలో తిప్పుతారు. ఆ రోజు ఏ ఫ్లోర్ (సెట్లు వేసి షూటింగ్ చేసే పెద్ద హాలు) ఖాళీగా ఉంటే ఆ ఫ్లోర్ చూపిస్తారు. రెండోది, స్టూడియో పేరు పెట్టుకున్న వినోద పార్కు. సింగపూర్‌లోనూ, జపాన్‌లోని ఒసాకాలోనూ ఉన్న యూనివర్సల్ స్టూడియోలు ఈ రకం. అక్కడ రైడ్లుంటాయి, వేషధారులుంటారు, సినిమాలు మాత్రం తయారుకావు. మూడోది, పని ముగిసిన సెట్లను ప్రదర్శనశాలగా మార్చినది. లండన్ దగ్గర లీవ్స్‌డెన్‌లో 2012లో తెరిచిన హ్యారీ పోటర్ సెట్ల ప్రదర్శన అలాంటిది. దాని పక్కనే అసలు స్టూడియోలో కొత్త సినిమాల షూటింగులు జరుగుతూనే ఉంటాయి గానీ ఆ గేటు మీకు తెరుచుకోదు.

ఈ రకాలను కలిపేసినవీ ఉన్నాయి. హాలీవుడ్ యూనివర్సల్‌లో పార్కు, అసలు స్టూడియో పక్కపక్కనే ఉంటాయి. 1996లో మొదలై, ప్రపంచంలోకెల్లా పెద్ద స్టూడియో సముదాయంగా గిన్నిస్ గుర్తింపు పొందిన రామోజీ ఫిల్మ్ సిటీలోనూ సందర్శకులు, షూటింగులు ఒకే ఆవరణలో సర్దుకుంటాయి. ఇలాంటి చోట్ల ఏ వీధిలో కెమెరా పెట్టారో ఆ వీధిని వదిలేసి మీ బండి మరో దారి పడుతుంది. స్టార్ ఉన్న దిక్కుకు మిమ్మల్ని పోనివ్వకుండా, పోనివ్వలేదని మీకు తెలియకుండా తిప్పడం గైడు ఉద్యోగంలో సగం.

మొదట్లో పరిస్థితి వేరు. 1915 మార్చి 15న యూనివర్సల్ అధిపతి కార్ల్ లెమ్లీ యూనివర్సల్ సిటీని ప్రారంభించినప్పుడు పాతిక సెంట్లు ఇచ్చినవారెవరైనా మెట్ల వరసల మీద కూర్చుని షూటింగ్ చూడవచ్చు. హీరోకు చప్పట్లు కొట్టవచ్చు, విలన్‌ను గేలి చేయవచ్చు. అవి మూకీలు కాబట్టి ఎంత గోల చేసినా సినిమాకు నష్టం లేదు. తరవాత టాకీలు వచ్చాయి. ఎవరు తుమ్మినా టేకు పాడయ్యే రోజులు రావడంతో గేటు మూసేశారు. మళ్లీ 1964లో ట్రామ్ బండ్లతో తెరిచారు. అంటే జనాన్ని బయటికి పంపిన నేరం మైకుది. నటుల గర్వం అనుకుని తిట్టుకోకండి.

ఇంకో సంగతి. అదృష్టం బాగుండి షూటింగ్ కనిపించినా మీకు విసుగు పుట్టవచ్చు. ఒక షాట్ అయ్యాక కెమెరా అటు వైపు తిప్పాలంటే లైట్లన్నీ మార్చాలి. ఆ మార్చేసేపు నటులు ఉండరు. పొడుగు కర్రలు, నల్లగుడ్డలు, వైర్లు మోసేవాళ్లే అటూ ఇటూ తిరుగుతుంటారు. గంట గడిచాక హీరో వచ్చి, తల తిప్పి చూసి, వెళ్లిపోతాడు. అది మూడుసార్లు. నాకు మాత్రం ఆ గంటే ఇష్టం, కానీ మీ టికెట్ డబ్బులకు ఆ హామీ నేను ఇవ్వలేను.

ప్రశ్న: పదేళ్ల మా అబ్బాయిని స్టూడియోకు తీసుకెళ్లాం. కోట వెనక కర్రలు, ఇనుప గొట్టాలు చూసి "అంతా అబద్ధమేనా?" అని నీరుగారిపోయాడు. ఇప్పుడు ఏ సినిమా చూసినా "అది అట్ట" అంటున్నాడు. చూపించకుండా ఉండాల్సిందా? — ఒక తల్లి

జవాబు: అమ్మా, మీ అబ్బాయి నీరుగారలేదు. నా వృత్తిలోకి వచ్చే దారిలో మొదటి మెట్టు ఎక్కాడు. "అది అట్ట" అన్నవాణ్ణి "సరే, మరి అట్టలా ఎందుకు కనిపించలేదు?" అని అడగండి. అక్కడి నుంచి ఆట మొదలవుతుంది.

గడియారం వెనక మూత తీసి చూసిన పిల్లవాడు టైము చూడడం మానేస్తాడా? అబద్ధం ఎలా కట్టారో తెలిస్తే అబద్ధం మీద గౌరవం పెరుగుతుంది. వాడికి చెప్పడానికి నాలుగు సంగతులు రాస్తాను. 

బయట వేసే వీధి సెట్లలో పై అంతస్తు కింది అంతస్తు కంటే కురచగా ఉంటుంది. కిటికీలు కూడా పైకి వెళ్లేకొద్దీ చిన్నవవుతాయి. కింద నిలబడి చూస్తే భవనం ఎంతో ఎత్తున్నట్టు కన్ను పొరబడుతుంది, కట్టడానికి కర్ర మాత్రం తక్కువ ఖర్చవుతుంది. కౌబాయ్ సినిమాల వీధుల్లో కొన్ని తలుపులు కావాలనే చిన్నవిగా పెట్టేవారు, ఆ గుమ్మంలో నిలబడిన హీరో ఆజానుబాహువులా కనిపించాలని. అదే వీధిలో హీరోయిన్ నిలబడే గుమ్మం పెద్దది. స్టూడియో వీధులు తిన్నగా చివరిదాకా పోవు, ఒక మలుపు తిరుగుతాయి, లేదా ఎదురుగా అడ్డంగా ఒక భవనం వచ్చి ఆగిపోతాయి. అలా ఆగకపోతే వీధి చివర పార్కింగ్ స్థలం ఫ్రేములో పడుతుంది. ఇంట్లోపలి సెట్లకు పైకప్పు తరచుగా ఉండదు, లైట్లు దిగేది అటు నుంచే. నాలుగో గోడ పక్కకు లాగేస్తే వచ్చేస్తుంది, కెమెరా నిలబడేది అక్కడ. టీవీ ధారావాహికలో కుటుంబమంతా భోజనాల బల్లకు ఒకే వైపు ఎందుకు కూర్చుంటుందో మీవాడిని అడగండి, ఈపాటికి వాడే చెప్పేస్తాడు.

హిచ్‌కాక్ తీసిన "సైకో" (1960)లోని ఇల్లు ఇప్పటికీ యూనివర్సల్ ట్రామ్ దారిలో కనిపిస్తుంది. మొదట కట్టినప్పుడు దానికి కెమెరాకు కనబడే వైపు గోడలే ఉండేవి. ఇన్నేళ్లు జనాన్ని భయపెట్టింది ఇల్లు కూడా కాని ఇల్లు.

ఇక అసలు మందు. మళ్లీ ఎక్కడికైనా తీసుకెళ్తే "ఏది అబద్ధమో వెతుకు" అనకండి, "ఏది నిజమో వెతుకు" అనండి. అది కష్టం. లీవ్స్‌డెన్‌లో హ్యారీ పోటర్ చదివే మంత్రాల బడి హాగ్‌వార్ట్స్ భోజనశాల గోడలు, స్తంభాలు అన్నీ మావాళ్ల మాయే, కానీ నేల మాత్రం నిజమైన యార్క్ రాయి. ఎందుకంటే ఏళ్ల తరబడి వందలాది పిల్లలు దాని మీద పరుగెత్తాలి. రంగు వేసిన చెక్క అంతకాలం నిలవదు, అడుగుల చప్పుడు కూడా బోలుగా వినిపించి గుట్టు బయటపెడుతుంది. అదే ఆవరణలో కోట నమూనా ఒకటి ఉంది, అసలు కొలతలో ఇరవై నాలుగో వంతు. సినిమాల్లో బయటి నుంచి కనిపించిన కోట చాలావరకు అదే. పక్కన నిలబడి చూస్తే ఒక పెద్ద గదంతా నిండి ఉంటుంది. చెయ్యి తాకేచోట నిజం, కన్ను తాకేచోట మాయ అని మావాళ్ల లెక్క. ఈ లెక్క మీ అబ్బాయికి దొరికిందంటే వాడు సినిమాలు రెట్టింపు ఆసక్తితో చూస్తాడు. మీతో కూర్చుని చూసేటప్పుడు మాట్లాడుతూనే ఉంటాడు, అది మీరు భరించాలి.

ప్రశ్న: సెట్ నుంచి చిన్న ముక్క, అంటే ఊడిపోయిన పెచ్చులాంటిది, గుర్తుగా తెచ్చుకుంటే తప్పా? — పేరు వద్దన్న పాఠకుడు

జవాబు: తప్పే. పేరు వద్దన్నారంటే మీకూ తెలుసు. ఆ పెచ్చు ఊడినట్టు మీకు కనిపిస్తోంది. దాన్ని అలా ఊడదీయడానికి నాలాంటివాడు ఒక మధ్యాహ్నమంతా కూర్చుని ఉంటాడు. ఇంకా ముఖ్యమైన విషయం: సగం తీసిన సన్నివేశం తాలూకు సెట్‌కు "హాట్ సెట్" అని బోర్డు పెడతారు. అక్కడ కుర్చీ జరిపినా, కప్పు తిప్పినా రేపటి షాట్ నిన్నటి షాట్‌తో కలవదు. కంటిన్యూటీ చూసే మనిషి ఫోటోలతో సరిచూసుకుంటూ మీరు తిప్పిన కప్పు కోసం తల పట్టుకోవాలి. గుర్తుకు బజారులో బొమ్మలు అమ్ముతారు, కొనుక్కోండి.

ప్రశ్న: టీవీ కార్యక్రమానికి ప్రేక్షకులుగా వెళ్లాం. చేతిలో టికెట్ ఉన్నా స్థలం లేదని వెనక్కి పంపేశారు. ఇది మోసం కాదా? ఇంకోసారి వెళ్లాలంటే ఏం జాగ్రత్తలు తీసుకోవాలి? — భార్యాభర్తలు

జవాబు: కోపం రావడం సహజమే. కానీ టికెట్ వెనక చిన్న అక్షరాలు చదివి ఉంటే అక్కడే రాసి ఉంటుంది, టికెట్ ఉన్నంత మాత్రాన ప్రవేశం ఖాయం కాదని. ఈ టికెట్లు సాధారణంగా ఉచితం. ఉచితంగా వచ్చినదాన్ని జనం తేలిగ్గా మానేస్తారు. కుర్చీలు ఖాళీగా ఉంటే కెమెరాకు అసహ్యంగా కనిపిస్తుంది. అందుకని కుర్చీల కంటే ఎక్కువ టికెట్లు ఇస్తారు, ముందు వచ్చినవారిని ముందు కూర్చోబెడతారు. మోసం అనను, మీ సమయంతో వాళ్లు ఆడే జూదం అంటాను. మందు ఒక్కటే: చెప్పిన టైము కంటే బాగా ముందు వెళ్లి వరసలో నిలబడడం.

దుస్తుల విషయం చాలామందికి తెలియదు. సన్నని దగ్గర దగ్గర చారలు, చిన్న గళ్లు వేసుకోకండి. కెమెరాలో అవి నీటి అలల్లా కదులుతాయి. పెద్ద అక్షరాలు, కంపెనీ గుర్తులు ఉన్న చొక్కా వేసుకుంటే వెనక వరసకు పంపుతారు. తెల్లటి తెలుపూ వద్దు. ఒంటికి నప్పే ఏకరంగు బట్టలు వేసుకున్నవారిని ఫ్లోర్ మేనేజర్ తనంతట తానే వెతికి ముందు వరసకు తెస్తాడు. అది మర్యాద అనుకుని మురిసిపోకండి, ఫ్రేము నింపుకుంటున్నాడు. వెంట శాలువానో స్వెట్టరో ఉంచుకోండి. లైట్ల వేడికి మేకప్ కరగకుండా ఏసీ గట్టిగా పెడతారు. ఫోను తీసుకుంటారు, లేదా కట్టేయమంటారు.

లోపలికి వెళ్లగానే అందరూ అనే మాట "ఇంత చిన్నదా?" అని. నిజంగానే చిన్నది. వెడల్పు లెన్సు, తక్కువ ఎత్తులో కెమెరా, చీకట్లో కలిసిపోయే అంచులు, ఇవి కలిసి గదిని మైదానం చేస్తాయి. తరవాత ఒకాయన మైకు పట్టుకుని వచ్చి జోకులు వేస్తాడు. ఆయన కార్యక్రమంలో ఉండడు. మిమ్మల్ని నవ్వించి, చప్పట్లు అలవాటు చేయించి, మధ్యలో పని ఆగినప్పుడల్లా మళ్లీ లేపడమే ఆయన ఉద్యోగం. ఆ గదిలో అందరికంటే కష్టపడేది ఆయనే అని నా అభిప్రాయం. ప్రేక్షకుల ముందు తీసే అరగంట హాస్య ధారావాహిక ఎపిసోడ్‌కు మూడు గంటలకు పైనే పడుతుంది. ఒకే జోకుకు రెండోసారి, మూడోసారి కూడా మొదటిసారి విన్నట్టు నవ్వాలి. రచయితలు అక్కడే నిలబడి వింటుంటారు, మీరు నవ్వకపోతే కొత్త మాట రాసి నటుడి చేతిలో పెడతారు. ఆ అనుభవం కోసమైతే తప్పక వెళ్లండి. సినిమా స్టూడియో టూర్లలో ఏ గైడూ ఇంత దగ్గరగా పని చూపించలేడు.

ప్రత్యక్ష ప్రసారం చూడాలనుకుంటే ఎదురుచూపు మరీ ఎక్కువ. న్యూయార్క్‌లో రాక్‌ఫెల్లర్ సెంటర్‌లోని 8హెచ్ స్టూడియో నుంచి 1975లో మొదలైన శనివారం రాత్రి హాస్య కార్యక్రమం "సాటర్‌డే నైట్ లైవ్" ఇప్పటికీ అక్కడి నుంచే వస్తోంది. ఆగస్టులో ఈమెయిల్ పంపినవారిలో నుంచి లాటరీ తీస్తారు. రాత్రి 8 గంటలకు రిహార్సల్, 11:30కి అసలు ప్రసారం, రెండింటికీ ప్రేక్షకులుంటారు. రిహార్సల్‌కు పిలుపు వస్తే నిరాశపడకండి. ప్రసారంలోకి రాకుండా కోసేసే స్కిట్లు కూడా ఆ రిహార్సల్‌లోనే కనిపిస్తాయి. అన్నట్టు, ఆ 8హెచ్ మొదట రేడియో స్టూడియో. సంగీత నిర్వాహకుడు టాస్కనీనీ నడిపిన సింఫనీ ఆర్కెస్ట్రా (పెద్ద వాద్యబృందం) కచేరీలు అక్కడి నుంచే ప్రసారమయ్యేవి.

ప్రశ్న: అమ్మకు మోకాళ్ల నొప్పులు. స్టూడియో చూడాలని ఎప్పటి నుంచో కోరిక. నడవగలదా? — కూతురు

జవాబు: పార్కు రకం వద్దు, రోజంతా నడకే. ప్రదర్శనశాల రకంలో కూడా మూడు నాలుగు గంటలు నిలబడాలి, అయితే చక్రాల కుర్చీ ముందుగా అడిగితే దారులు దానికి వీలుగానే ఉంటాయి. అన్నింటికంటే నయం బండిలో తిప్పే టూర్. యూనివర్సల్ ట్రామ్‌లో దాదాపు గంటసేపు కూర్చున్నచోటు నుంచి కదలక్కర్లేదు. ఒక హెచ్చరిక: ఆ దారిలో బండి కుదుపులకు లోనవుతుంది, భూకంపం వచ్చినట్టు ఊపే చోటు ఒకటుంది. నడుము నొప్పి కూడా ఉంటే ముందే అడిగి ఎక్కించండి.

ప్రశ్న: గ్రీన్ మ్యాట్ ఆకుపచ్చగానే ఎందుకుంటుంది? ఇకముందు అంతా కంప్యూటరే అయితే స్టూడియోలో చూడడానికి ఏం మిగులుతుంది? — డిగ్రీ విద్యార్థి

జవాబు: మొదటి ప్రశ్నకు జవాబు సులువు. నటుడి వెనక కట్టిన ఆ గుడ్డ రంగును తరవాత కంప్యూటర్‌లో తీసేసి, ఆ చోట వేరే దృశ్యం పెడతారు. మనిషి ఒంటి రంగులో ఆకుపచ్చ దాదాపు ఉండదు, కాబట్టి ఆ రంగును తీసేస్తే మనిషికి చిల్లు పడదు. పైగా డిజిటల్ కెమెరా సెన్సర్‌లో ఎరుపుకు, నీలానికి ఒక్కో గడి ఉంటే ఆకుపచ్చకు రెండు గడులుంటాయి. ఆ రంగు అంచులు అందుకే శుభ్రంగా తెగుతాయి. ఫిల్మ్ రోజుల్లో నీలం తెర ఎక్కువగా వాడేవారు. ఇప్పటికీ నటుడు ఆకుపచ్చ చొక్కా వేసుకుంటే నీలానికి వెళ్లాల్సిందే.

రెండోది నన్నూ వేధిస్తున్న ప్రశ్న. ఇప్పుడు ఆకుపచ్చ గుడ్డకు బదులు గోడంత ఎల్‌ఈడీ తెర నిలబెడుతున్నారు. కెమెరా కదిలితే తెర మీది కొండలు కూడా దానికి తగ్గట్టు కదులుతాయి. తెర వెలుగు నటుడి ముఖం మీద, ఇనుప కవచం మీద నిజంగా పడుతుంది కాబట్టి చూడడానికి గొప్పగా ఉంటుంది. కానీ కరెంటు తీసేశాక ఆ గది ఖాళీ హాలు. సందర్శకుడికి చూపించడానికి అందులో ఏమీ లేదు. అందుకే ఈ ముక్క రాస్తున్నాను: చెక్కతో, ప్లాస్టర్‌తో కట్టిన సెట్లు నిలిచి ఉన్న చోట్లను ముందు చూసేయండి.

ప్రశ్న: ప్రపంచంలో ఒక్క స్టూడియో మాత్రమే చూసే వీలుంటే ఏది చూడమంటారు? — విశ్రాంత ఉపాధ్యాయుడు

జవాబు: మాస్టారూ, నా ఓటు రోమ్‌లోని చినెచిత్తాకు. 1937 ఏప్రిల్ 28న ముసోలినీ ప్రారంభించాడు. యుద్ధం తరవాత కొంతకాలం ఆ ఫ్లోర్లలో నిర్వాసితులు తలదాచుకున్నారు. ఆ పైన హాలీవుడ్ వచ్చి పడింది. "బెన్‌హర్" (1959) రథాల పందెం మైదానం ఇక్కడే వేశారు. ఇటలీ దర్శకుడు ఫెల్లినీకి ఇష్టమైన అయిదో నంబరు ఫ్లోర్ ఇక్కడే ఉంది. 2005 నాటి ఒక టీవీ ధారావాహిక కోసం కట్టిన ప్రాచీన రోమ్ సెట్ 2007 అగ్నిప్రమాదంలో కొంత కాలిపోయినా, మిగిలింది ఆరుబయట నిలబడే ఉంది. ముందు నుంచి చూస్తే స్తంభాల మీద ఎరుపు, నీలం రంగులతో బజారు. వెనక్కి వెళ్తే ఇనుప గొట్టాల పందిరి, దానికి బిగించిన ఫైబర్‌గ్లాస్ రేకులు. కొద్ది దూరం మెట్రోలో వెళ్తే అసలు రోమన్ శిథిలాలుంటాయి. రెండూ ఒకే రోజు చూడండి. నాకు నకిలీదే బాగుంది అంటే చరిత్ర మాస్టార్లు కొడతారు, కానీ రంగు విషయంలో నకిలీదే నిజానికి దగ్గర. పాతకాలపు రోమ్ తెల్లరాతి నగరం కాదు, రంగులు పులుముకున్న నగరం.

ఎండకు వెరవనివారైతే మొరాకోలోని వార్జాజాత్ దగ్గర అట్లాస్ స్టూడియోలు ఉన్నాయి, 1983 నుంచి నడుస్తున్నాయి. ఎడారి అంచున ఈజిప్టు ఆలయాలు కట్టి వదిలేశారు. ప్లాస్టర్ పగిలి లోపలి కర్ర కనిపిస్తుంటుంది. మాలాంటివాళ్లకు అది పాఠ్యపుస్తకం, మామూలు సందర్శకుడికి శిథిలం. షూటింగ్ కంటపడాలన్న పట్టుదల ఉంటే చైనాలోని హెంగ్‌డియాన్ మేలు. అక్కడ బీజింగ్ రాజప్రాసాదాన్ని అసలు కొలతల్లో కట్టారు, చారిత్రక ధారావాహికల పని నిత్యం సాగుతుంటుంది. జపాన్‌లో క్యోటోలోని తోయీ స్టూడియో 1975లోనే తన సమురాయ్ వీధులను జనానికి తెరిచింది.

ప్రశ్న: ఏ రోజు, ఏ వేళ వెళ్తే మంచిది?

జవాబు: వారం మధ్యలో, రోజులో మొదటి టూర్. శని, ఆదివారాల్లో పని జరిగే స్టూడియోలు నిద్రపోతుంటాయి, పార్కులు మాత్రం కిటకిటలాడతాయి. అమెరికాలో టీవీ ధారావాహికల పని ఎక్కువగా ఆగస్టు నుంచి ఏప్రిల్ దాకా నడుస్తుంది. మే, జూన్ నెలల్లో చాలా ఫ్లోర్లు ఖాళీ. షూటింగ్ సందడి కావాలంటే అది చెడ్డ కాలం, సెట్ లోపలిదాకా వెళ్లాలంటే అదే మంచి కాలం. ఏ ఫ్లోర్ తలుపు మీదైనా ఎర్రలైటు వెలుగుతుంటే అది ఆరేదాకా తలుపు తీయకండి.